తనిఖీ అధికారి నోరు విప్పిన రోజు

జామ్ ఫ్యాక్టరీ తనిఖీ అధికారి ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. ఎడమవైపు నమలకూడదు, చొక్కాకి మరక అంటకూడదు, పదింటికి వచ్చే యజమాని చేత కొత్త యూనిట్‌కి మేనేజర్ అనిపించుకోవాలి. పదకొండేళ్లుగా ఆయన కన్ను మేనేజర్ కుర్చీ మీదే ఉంది.

"రూట్ కెనాల్ అయి మూడు నెలలైంది," అంది భార్య. "నరం తీసిన పన్ను పెళుసుగా ఉంటుంది, క్యాప్ పెడితే నమిలే బరువంతా అదే మోస్తుంది, లేకపోతే పగులుతుందని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదండీ!"

"నొప్పే లేని పంటికి క్యాపెందుకే? ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది."

అలా అంటూనే వేరుశనగపప్పులు గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. వాదనలో పడి పథకం మరిచాడు. టప్‌మంది.

"ఏంటా చప్పుడు?"

"పప్పులో రాయి," అని ఆ రాయిని కాగితం రుమాల్లో చుట్టి, భార్య చూడకుండా చొక్కా జేబులో దాచుకున్నాడు.

ఫ్యాక్టరీలో ఆయనంటే అందరికీ హడల్. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా రిజిస్టర్లో ఎర్ర సిరాతో 'కారణం: ముందే చెప్పినా వినలేదు' అని రాసేస్తాడు. పైగా సొంతంగా ఒక రూలు కూడా పెట్టాడు. బెల్టు దగ్గర జామ్ కానిది ఏది కనబడినా మెషీన్ ఆపాలి. అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తేలేదాకా, ఎంతటివారున్నా సరే, మళ్లీ తిప్పకూడదు.

ఆ ఉదయం మూతల మెషీన్ దగ్గర నిలబడి ఆయన జేబులోంచి పెన్ను లాగాడు. పెన్నుతోపాటు రుమాలు కూడా జారి విచ్చుకుంది. అది ఆయన చూడలేదు. మెషీన్ నడిపే ఆపరేటరమ్మ మాత్రం బెల్టు పక్కన తెల్లటి ముక్కని చూసి ఎర్ర బటన్ నొక్కేసింది. సరిగ్గా అప్పుడే యజమాని లోపల అడుగుపెట్టాడు.

ల్యాబ్ అమ్మాయి భూతద్దం పట్టుకుని చూసి, "పన్ను సార్. మనిషిదే," అంది.

అధికారి జేబు తడుముకున్నాడు. ఖాళీ! నాదే అంటే కుర్చీ పోతుంది. అందుకని నోరు మూసుకున్నాడు.

"ఎవరిదో తేలాలి. అందరినీ వరసలో నిలబెట్టండి," అన్నాడు యజమాని. "అధికారిగారూ, నోళ్లు మీరే చూడండి. తనిఖీలో మిమ్మల్ని మించినవాళ్లు లేరట కదా."

పాపం, టార్చి పుచ్చుకుని నలభైమూడు నోళ్లు చూశాడు. వాచ్‌మన్ నోట్లో ఒక్క పన్నూ లేదు కాబట్టి అతన్ని గౌరవంగా వదిలేశారు. ప్యాకింగ్ సూపర్‌వైజర్ నాలుక మీద మాత్రం డ్యూటీలో తిన్న స్ట్రాబెర్రీ జామ్ రంగు బయటపడింది. అతను అడక్కుండానే క్షమాపణ చెప్పుకున్నాడు. వరస చివర్లో ఆపరేటరమ్మ తన వంతు అయ్యాక టార్చి లాక్కుంది.

"ఎంతటివారున్నా సరే అని మీరే రాశారు కదా సార్? ఏదీ, ఆ అనండి."

పదకొండేళ్ల ఆశ కళ్లముందే కూలిపోతుంటే ఆయన 'ఆ' అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ. ముక్క, దవడపంటి గుంట అతికినట్టు సరిపోయాయి.

యజమాని ఒక్కసారిగా పకపకా నవ్వాడు. ఆ నవ్వులో ఎడమవైపు రెండు పళ్ల ఖాళీ కనిపించింది.

"నేనూ ఇలాగే క్యాపొద్దన్నానయ్యా. మొదట ముక్క పోయింది, తర్వాత పన్నే పోయింది, దాని పక్కదీ పోయింది. మీ రూలు మిమ్మల్నే పట్టుకుందంటే దానికిక తిరుగులేదు. కుర్చీ మీదే. కాకపోతే ముందు డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని క్యాప్ పెట్టించుకుని రండి."

ఆయన కళ్లు చెమర్చాయి. ఆనందమో, చిగుళ్ల సలుపో ఆయనకే తెలియలేదు. ఆపరేటరమ్మ రిజిస్టరు తెరిచి, ఎర్ర పెన్ను మూత తీసింది.

"కారణం ఏం రాయమంటారు సార్?"

"ఎప్పుడూ రాసేదే," అన్నాడాయన, కుడివైపు నుంచి.