నిలువ నీడ

కార్పొరేషన్ వాళ్ళు భవన నిబంధనలు సవరించి, ఆ వేసవి నుంచి ఇల్లు లేనివాళ్ళకు ఇళ్ళ బదులు నీడలు కేటాయించడం మొదలుపెట్టారు. ఇందులో వింతేమీ లేదు. ‘ప్రతి పౌరుడికీ నిలువ నీడ’ అని కొత్త నిబంధనల మొదటి పేజీలోనే ఉంది. అన్న మాట మీద నిలబడే కార్పొరేషన్లు మనం ఎక్కువ చూడలేదు కనుక జనం చప్పట్లు కొట్టారు. రాత్రిపూట ఊరంతా నీడే కాబట్టి, చీకటి పడ్డాక నగరంలో ఇల్లు లేనివాడంటూ ఎవడూ ఉండడని కమిషనర్ గారు సెలవిచ్చారు.

పోలయ్యకూ అతని భార్య మరిడమ్మకూ పన్నెండంతస్తుల అపార్ట్‌మెంటు నీడలో ఒక వాటా వచ్చింది. మంచి నీడ. మేకు కొడితే దిగేది, తలుపు బిగిస్తే పట్టేది. పొద్దున్నే ఇల్లు విశాలంగా ఉండేది. ఎండ ఎక్కేకొద్దీ గోడ వైపు ముడుచుకునేది. మిట్టమధ్యాహ్నం కాపురాలన్నీ పొయ్యిలూ బిందెలూ ఎత్తుకుని గోడకు అతుక్కునేవి. వాన కారేది. వాన గురించి నిబంధనల్లో ఏమీ రాయలేదు, అది ఎవరి తప్పూ కాదు.

చిక్కల్లా పోలయ్యతోనే వచ్చింది. అతను సెంట్రింగు మేస్త్రి. ఆ అపార్ట్‌మెంటుకే తొమ్మిదో అంతస్తు శ్లాబు పని చేస్తూ కిందపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. నీడలో చాప పరిచి పడుకునేవాడు. తనిఖీకి వచ్చిన ఉద్యోగి అది చూసి, నిబంధన మీరినందుకు వాటా రద్దు చేస్తామని తలుపుకు నోటీసు అంటించి వెళ్ళాడు.

మరిడమ్మ టౌన్ ప్లానింగ్ ఆఫీసుకు పోయింది. అక్కడి అధికారి ఉమాశంకరం గారు మంచివాడు. ఆమెకు కుర్చీ వేయించాడు.

“ఆయన నుంచోలేడండి బాబుగారూ. నడుం పోయింది. కాసేపు వాలనివ్వండి.”

“చూడమ్మా, రూలులో ఉన్నది నిలువ నీడ. పడుకో నీడ, కూర్చో నీడ అనే మాటలు మన తెలుగులోనే లేవు. లేని మాట నేనెక్కడ నుంచి తెచ్చేది?”

“మరి మేం ఎక్కడికి పోవాలండి?”

ఉమాశంకరం గారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు ఆలోచించాడు. జాలి ఉన్న మనిషి కనుక దారి కూడా కనిపెట్టాడు. “మీ ఆయన శ్లాబులు నిలబెట్టినవాడే కదా. ఆయన్నీ అలాగే నిలబెడదాం.”

మర్నాడు కార్పొరేషన్ ఖర్చుతో శ్లాబుల కింద ఊతం పెట్టే సరుగుడు బాదులు నాలుగు వచ్చాయి. రెండు చంకల కింద, ఒకటి వీపుకు, ఒకటి రొమ్ముకు. బాదులు కదలకుండా వాటి మొదళ్ళలో సిమెంటు కూడా పోశారు. పోలయ్య నిలబడ్డాడు. మరిడమ్మ ఆ అధికారికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, అందులో వెటకారం లేదు.

నెల తిరక్కుండా మరో సవరణ వచ్చింది. నీడలు చాలక ఇంకా ఎంతోమంది ఎండలోనే ఉన్నారు. నేలలో పాతుకుని, సిమెంటు పునాదితో నిలబడినది ఏదైనా కట్టడమేనని కొత్త నిబంధన. కొలతలు తీసి చూస్తే పోలయ్య అన్ని విధాలా కట్టడమే. అయితే అపార్ట్‌మెంటు నీడలో ఉన్నంతకాలం అతని నీడ పడదు, వృథా. కాబట్టి బాదులతో సహా పెకలించి, ఎండ బాగా తగిలే చోట రోడ్డు పక్కన పాతారు. నీడలో అతని పేరున ఉన్న వాటా రద్దయింది. ఇంటికి మళ్ళీ ఇల్లెందుకని ఉమాశంకరం గారు మరిడమ్మకు నెమ్మదిగా నచ్చజెప్పాడు. అది నిజమే.

పోలయ్య నీడను గాజులమ్మే నూకరత్నానికి కేటాయించారు. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు చిన్నపిల్లలు. వచ్చిన రోజే వాకిట్లో ముగ్గు వేసి, పోలయ్య పాదాలకు పసుపు రాసింది. పిల్లలు ఆ సన్నటి నీడలో ఒకరి వెనక ఒకరు నిలబడి నిద్రపోయేవారు. మరిడమ్మ పక్కనే ఎండలో ఉండి మొగుడికి అన్నం తినిపించేది.

“ఒక్క గడియ వాలనీ మరిడీ,” అన్నాడు పోలయ్య ఒకనాడు. పెదాలు ఎండకు పగిలి ఉన్నాయి.

మరిడమ్మ బాదుల వంక చూసింది. పిల్లల వంక చూసింది.

“నువ్వు వాలితే ఆళ్ళ ఇల్లు కూలిపోద్దయ్యా,” అంది.

నూకరత్నం ఇదంతా వింటూనే ఉంది. మంచిది గనుక ముందు పోలయ్య పెదాలు నీళ్ళతో తడిపి, తర్వాత మొహమాటంగా అడిగింది.

“వదినా, ఏమనుకోకు. అన్నయ్యని కాస్త ఒళ్ళు చెయ్యమను. ఇల్లు మరీ ఇరుగ్గా ఉంది.”

ఇల్లన్నాక ఇరుకుగా ఉంటే ఎవరైనా అడుగుతారు. ఆ పూట నుంచి మరిడమ్మ తన ముద్ద కూడా పోలయ్యకే పెడుతోంది.