టోకెన్ నంబరు బండి

ఆ ఆదివారం పొద్దున సతీష్‌కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో బలరాం వెల్డింగు షెడ్డుకు వెళ్లి, తయారైన మోటారుబండి తెచ్చి, మరోదా కాలనీలో తమ క్వార్టరు ముందు నిలిపి తల్లి గున్నమ్మను ఆశ్చర్యపరచాలి. బండి సర్వీసింగుకు ఇచ్చానని ఆమెకు వారం నుంచీ అబద్ధం చెబుతున్నాడు.

బండి తండ్రిది. ఉక్కు ప్లాంటులో ఫిట్టరు గోవిందరావు కిందటేడు పోయేదాకా దాన్ని తన చేతులతోనే తుడుచుకున్నాడు. పనిముట్లు ఎవరి చేతికీ పోకుండా ప్లాంటువాళ్లు తనకిచ్చిన టోకెన్ నంబరు కొట్టుకునే అలవాటు కొద్దీ, మడ్‌గార్డు నుంచి సీటు రేకు దాకా బండిలో ప్రతి ముక్క మీదా 31746 అని పంచ్‌తో కొట్టుకున్నాడు. ఆ బండిని సతీష్ విదేశీ పత్రికలో చూసిన స్ట్రీట్ ట్రాకర్‌లా మార్పించాడు. మట్టి పందేల బండికి ఉన్నట్టే వెడల్పు హ్యాండిలు, పక్కన నంబరు పలక, ఒక్కరికే సరిపడే సీటు. నాన్న పోయి ఏటిసూతకం పట్టిన అమ్మ గడప దాటడం లేదు, ఇక వెనక చోటు దేనికి అనుకున్నాడు. ఆమెను ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు.

బలరాం చట్రం వెనక భాగం కోసేసి, ఊడిన సామాను షెడ్డు బయట తుక్కులో పడేశాడు. మంచం కోడు అతికించుకోవడానికి అటు వచ్చిన చినబాబు, గోవిందరావుతో పాతికేళ్లు పనిచేసినవాడు, నలిగిన మడ్‌గార్డు మీద ఆ నంబరు చూసి ప్రమాదమే జరిగిందనుకున్నాడు. షెడ్డులోకి తొంగిచూస్తే సరిపోయేది. చూడలేదు. మడ్‌గార్డునూ సీటునూ సైకిలుకు కట్టుకుని మరోదా బయలుదేరాడు.

దారిలో ఇద్దరికి బండి నుజ్జయిందని చెప్పాడు. ఆ ఇద్దరూ కుర్రాడు ఆసుపత్రిలో ఉన్నాడన్నారు. మార్కెట్టు దాటేసరికి కుర్రాడు లేడు. ప్రమాదమంటే ప్లాంటు మనుషులు రెండో మాట అడగరు, ముందు ఆ ఇంటికి చేరతారు. బెంచీలు వచ్చాయి, షామియానా వచ్చింది, పక్కింటి పైడమ్మ ఏడుపు అందుకుంది. గున్నమ్మ మాత్రం సీటును ఒళ్లో పెట్టుకుని కన్నీరైనా రాక కూర్చుండిపోయింది.

సతీష్ వీధి మొదట్లో జనాన్ని చూశాడు. బండి చూడటానికే వచ్చారనుకుని మరికాస్త మోత పెంచాడు.

చినబాబు ఎదురెళ్లి చెంప మీద ఒకటి కొట్టి, అంతలోనే కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వచ్చినవాళ్లు బెంచీలు మోసుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. షామియానావాడు మాత్రం వచ్చినందుకు టీ తాగి వెళ్లాడు.

గున్నమ్మ కొడుకును తల నుంచి కాళ్ల దాకా తడిమింది. తర్వాత బండి పక్క పలక మీద ఎర్రరంగుతో రాసిన 31746 మీద వేలు పెట్టింది.

"మీ నాన్న నంబరు మర్సిపోనేదు బాబూ," అంది. అప్పుడు ఆమె చూపు బండి వెనక భాగం మీదికి వెళ్లింది. "నిన్నటితో ఏడాదైపోనాది. ఇయ్యాల నన్ను నందిని ఊరు తీసికెళ్లమందామనుకున్నాను, పోలమ్మ పెద్దమ్మ కాడికి. నువ్వే ఎక్కమంటావని సూసినాను. మరి నేనెక్కడ కూకోవాలి?"

కోసిన చట్రం ఇక ఇద్దరిని మోయదని బలరాం పొద్దున్నే చెప్పాడు. అప్పుడది సతీష్‌కు మెప్పులా వినిపించింది.

గున్నమ్మ పాత సీటును తుడిచి మంచం కింద పెట్టింది. సాయంత్రం తల్లీకొడుకులు నడిచి బస్సు దగ్గరికి వెళ్లారు.

నందిని వెళ్లే బస్సులో ఖాళీగా ఉన్నది వెనక సీటు ఒక్కటే.