సామ్రాజ్యం మోకాలు, మావాడి నాలుక

ఇందుమూలంగా బంధుమిత్రులకు తెలియజేయునదేమనగా, మా అబ్బాయి వరప్రసాదం నాలుక అంచున లేచిన పుండు క్యాన్సరేనని ముక్క పరీక్షలో తేలినప్పటికీ, తెనాలి డాక్టరు చలపతిరావు గారు స్కాన్ రాయలేదు. తొంభై మూడులో మా కుటుంబానికి జరిగిన అవమానాల్లో ఇది మొదటిది.

ఇంట్లో ఎవరు తుమ్మినా శవపేటిక కొలతలు గుర్తొచ్చే మనిషిని నేను. తల నుంచి అరికాలి దాకా స్కాన్ తీయించమని అడిగాను. ఆయన వేళ్ళకు తొడుగు వేసుకుని నాలుక తడిమారు, మెడ రెండు వైపులా నొక్కి చూశారు.

"శనగబద్దంత ఉందమ్మా, పైపైనే ఉంది. మెడలో బిళ్ళలు తగలడం లేదు. స్కాన్ తీసినా చేసేది ఈ ఆపరేషనే. లోతుకు దిగిందనో, దవడ ఎముకను పట్టిందనో అనుమానముంటే నేనే రాసేవాణ్ణి. బుధవారం తీసేద్దాం. ఆలస్యమైతేనే ప్రమాదం."

నొక్కి చూసి చెప్పడానికి డాక్టరెందుకండీ, బజారులో వంకాయలు కొనే ఆడవాళ్ళు చాలరా?

ఆదివారం ఆరాధన కాగానే పరామర్శ సభ మా వసారాలో కొలువుదీరింది. రేపల్లె నుంచి మా బావగారు లూకా, బాపట్ల నుంచి రిటైర్డ్ హెడ్మాస్టరు రాజారత్నం గారు వేంచేశారు. మావైపు మర్యాద మీకు తెలిసిందే. వచ్చినవారికి ముందు స్కాన్ ఫిల్ము చూపించాలి, తర్వాత కాఫీ ఇవ్వాలి. ఫిల్ము లేదనేసరికి కాఫీ ఎవరూ ముట్టలేదు.

రాజారత్నం గారు లేచి నిలబడ్డారు. "విజయమ్మా, జబ్బు అనేది కంటికి కనబడాలి. కనబడనిదాని కోసం ప్రార్థన చేస్తాం గానీ ఆపరేషన్‌కి సంతకం చేస్తామేంటి?"

"మద్రాసు తీసుకెళ్దాం మాస్టారూ. నెల పట్టినా పెద్ద మిషనంట," అన్నారు లూకా బావగారు.

నాకూ సబబనిపించింది. వరప్రసాదం బళ్ళో పిల్లలకు ఎక్కాలు చెప్పే మనిషి. ఏదో చెప్పబోయి నొప్పికి ఆగాడు. సభ దాన్ని సమ్మతిగా నమోదు చేసుకుంది.

మర్నాడు కోడలు కరుణ మొగుణ్ణి తీసుకుని "గుంటూరు వెళ్ళొస్తాం" అని బయల్దేరింది. సాయంత్రం, వసారాలో సభ ఇంకా లేవకముందే, పెద్ద కవరుతో దిగింది.

"ఇదిగోండి మాస్టారూ, స్కాన్."

రాజారత్నం గారు దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టారు. "ఆహా! గుండ్రంగా ఉందే, అదీ నాలుక. కింద రెండూ దవడలు."

"ఆ తెల్లటిదే క్యాన్సర్ మాస్టారూ. ఎంత స్పష్టంగా ఉందండీ!" అన్నారు లూకా బావగారు.

నేను చదివింది అయిదే. అయినా మూలన రాసిన పేరు గుర్తుపట్టాను. పక్కింటి సామ్రాజ్యం పేరది. దుగ్గిరాల పసుపు యార్డులో జారిపడినప్పుడు తీయించుకున్న కుడి మోకాలి ఫిల్ము. నోరు తెరిస్తే బుధవారం ఆపరేషన్ పోతుంది, మద్రాసుకు నెల పడుతుంది. కరుణ నా వంక చూస్తోంది. జన్మలో మొదటిసారి నా భయాన్ని బయటపెట్టకుండా లోపలికెళ్ళి కాఫీ కలిపాను. అందరూ తాగారు. సంతకానికి అనుమతి మంజూరైంది.

ఆపరేషనై నాలుగేళ్ళయింది. మావాడికి పదమూడో ఎక్కం దగ్గర కాస్త నత్తి వస్తుంది, అంతే. "ఆ స్కానే కాపాడింది" అని రాజారత్నం గారు ఇప్పటికీ చెబుతుంటారు.

సామ్రాజ్యం మోకాలు ఈలోగా రెండు ఊపిరితిత్తులకు, ఒక కాలేయానికి, సూర్యలంకలో ఒకరి మెదడుకు వెళ్ళొచ్చింది. ఎక్కడా ఎవరూ మోకాలనలేదు. మొన్న ఆ డాక్టరు చలపతిరావు గారి అత్తగారికే కడుపునొప్పి వస్తే వాళ్ళింటికీ పట్టుకెళ్ళారు.

మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు స్కాన్ అక్కర్లేదంటే కబురు చేయండి, పంపిస్తాను. కాఫీ మాత్రం మీరే పెట్టుకోవాలి.