పీపా కడుపులోని పురుగులకు కృతజ్ఞతలు

కుక్కపిల్ల కడుపులో పురుగులు ఉండటం చాలా మంచిది. కుక్కపిల్లకు కాదు లెండి, పెంచేవాళ్ళకు!

ఈ మాట అనగానే మీలో సగం మంది మొహం చిట్లిస్తారని తెలుసు. మిగతా సగం మంది పేజీ తిప్పేస్తారు. తిప్పండి! ఆ తర్వాత కూడా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకే చెప్పుకుంటాను.

నేను పదకొండేళ్ళుగా ఒంటరిగా ఉంటున్నాను. రెండు గదులు, ఒక కుర్చీ, గోడ నిండా మనస్తత్వశాస్త్రం పుస్తకాలు. మనిషి గోళ్ళెందుకు కొరుకుతాడో నాకు తెలుసు. తాళం వేసిన తలుపును మళ్ళీ వెనక్కి వచ్చి ఎందుకు లాగి చూస్తాడో తెలుసు. ఎవరూ అడగరు గానీ, తెలుసు.

అలాంటి నా ఇంటికి ఒకరోజు మా చెల్లెలు అట్టపెట్టెతో దిగింది. వెనక ఎనిమిదేళ్ళ మేనకోడలు, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ మొహంతో.

“నెల రోజులే అన్నయ్యా. ఇంటికి రంగులు వేయిస్తున్నాం. ఆ వాసనకి ఈ కుక్కపిల్ల ఆగేలా లేదు. నీకూ కాలక్షేపంగా ఉంటుంది.”

నాకు కాలం క్షేపించడం లేదని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు.

మేనకోడలు పెట్టెలోంచి రెండు నెలల కుక్కపిల్లను తీసి నా ఒళ్ళో పెట్టింది. “దీని పేరు పీపా. బొజ్జ చూడు మామయ్యా, ఎంత ముద్దుగా ఉందో! రోజూ ఫోన్లో చూపించాలి. దీనికేమైనా అయితే నీతో మాట్లాడను.”

బొజ్జ నిజంగానే పీపాలా ఉంది. దానికి పైన పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. బొచ్చు పాత చీపురులా ఉంది. కానీ అంత గుండ్రటి బొజ్జ ఎదురుగా ఉండగా ఎముకల్నీ బొచ్చునీ ఎవరు చూస్తారు చెప్పండి?

ఆ బొజ్జను మెచ్చుకోనివాళ్ళు లేరు. కింది వాటా పెద్దావిడ మెట్ల దగ్గర ఆగి మరీ, “తిండి బాగా పెడుతున్నావు బాబూ” అంది. పదకొండేళ్ళలో ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది! నీళ్ళ మోటారు గురించి అన్న మాటలు లెక్కలోకి రావు. ఆ పొగడ్త న్యాయంగా ఎవరికి చెందాలి? నాకా? పురుగులకా?

ఇక తిండి. పీపా తిన్నది. మళ్ళీ తిన్నది. గిన్నె నాకింది, గిన్నె కింద నేల నాకింది, నా చెప్పు అంచు నమిలింది. నేను నోట్‌బుక్ తెరిచి రాసుకున్నాను: ‘తల్లి నుంచి తొందరగా విడదీయడం వల్ల ఏర్పడిన లోటును ఆహారంతో పూడ్చుకునే ప్రయత్నం.’ ఎంత చక్కటి వాక్యం! లోపల తినేవాళ్ళు వేరే ఉన్నారన్న ఆలోచన ఆ వాక్యంలో ఎక్కడా ఇమడలేదు.

రెండో వారంలో అది నేల మీద కూర్చుని, ముందు కాళ్ళతో లాక్కుంటూ, వెనక భాగాన్ని గది ఈ చివర నుంచి ఆ చివరకు రాసుకుంటూ వెళ్ళసాగింది. ‘తన స్థలానికి హద్దులు గీసుకుంటోంది’ అని రాశాను. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కనిపించాయి. పాపం, అన్నంలో కూర్చున్నట్టుంది అనుకున్నాను. ఆ రోజు దానికి అన్నం పెట్టలేదన్న సంగతి నాకు గుర్తే. గుర్తుంటే మాత్రం?

మూడో వారంలో ఒక ఉదయం అది కక్కింది. అందులో తెల్లగా, సేమ్యాల్లా ఏవో ఉన్నాయి. వాటిలో ఒకటి కదిలింది.

ఇక్కడ నా జీవితంలోని అత్యంత శాస్త్రీయమైన ఘట్టం. నేను తల పక్కకు తిప్పుకుని, పాత దినపత్రిక అడ్డం వేసి, కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకును చూస్తూ తుడిచేశాను. తర్వాత సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. తర్వాత కుర్చీలో కూర్చుని, చూడకూడనిదాన్ని మనిషి ఎలా చూడకుండా ఉంటాడన్న విషయం మీద నలభై పేజీలు చదివాను. ఒక్క పేజీలోనైనా నేను కనిపించాలా వద్దా? కనిపించలేదు!

ఆ మర్నాడు గిన్నె చప్పుడు చేస్తే పీపా రాలేదు. మంచం కింద పడుకుని ఉంది. పిలిస్తే తోక చివర మాత్రం ఒకసారి కదిలింది, మర్యాద కోసం అన్నట్టు. ఎత్తుకుంటే చేతిలో తడిగుడ్డలా వేలాడింది. ‘నిరాశ’ అని రాయబోయాను. కలం సాగలేదు. అట్టపెట్టె కోసం వెతికాను. దొరకలేదు. చొక్కాలో పెట్టుకుని పరిగెత్తాను.

పశువుల డాక్టరు ఒక పొట్టి ఆవిడ, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చెవి మీద పెన్ను. బల్ల మీద త్రాసులో పిల్లను కూర్చోబెట్టింది.

“ఏమైంది?”

నేను నోట్‌బుక్ తీశాను. “దీనికి తల్లి నుంచి వేరు చేసిన బాధ...”

“దాని బాధ తర్వాత విందాం. మోషన్ తెచ్చారా?”

“నోట్స్ తెచ్చాను.”

ఆవిడ పీపా పై పెదవి ఎత్తింది. “ఇటు రండి. చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయి?”

“తెల్లగా.”

“ఎప్పట్నుంచి?”

“నేను చూడలేదు.”

“మూడు వారాల్నుంచి ఏం చూశారండీ మరి?”

“దాని ప్రవర్తన.”

కాంపౌండరు దగ్గుతున్నట్టు నటిస్తూ పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

“బొజ్జ బాగుందని అందరూ అన్నారు,” అన్నాను, సాక్షుల్ని పిలిచినట్టు.

“బొజ్జ కాదది, పురుగుల సంచి. తల్లి కడుపులో ఉండగానే వస్తాయి, పాలతో వస్తాయి. రెండు వారాల పిల్లప్పుడు మొదలుపెట్టాలి నట్టల మందు. ఎవరూ వెయ్యలేదా?”

“వాళ్ళు వేశారనుకున్నాను.”

“వాళ్ళేమో మీరు వేస్తారనుకున్నారు. కుక్క పేరు మాత్రం అందరూ కలిసి పెట్టుంటారు.”

రక్తం తాగే రకం కూడా ఉందట. సెలైన్ పెట్టాలి, రాత్రికి ఇక్కడే ఉంచాలి, ఏమీ హామీ ఇవ్వలేనంది. “బరువు చూసి మందు వేస్తాం. మీ అంతట మీరు ఏ మాత్రా ముక్కలు చేసి వెయ్యకండి. ఇంకో సంగతి. ఇవాళ చచ్చేవి పెద్ద పురుగులే. పిల్ల పురుగులు ఇంకా దాక్కునుంటాయి. రెండు వారాలకి మళ్ళీ వెయ్యాలి, ఆ తర్వాతా వెయ్యాలి. జనం మొదటి డోసు బ్రహ్మాండంగా వేస్తారు. రెండోది ఎవడూ వెయ్యడు.”

ఆవిడ కుక్కల గురించే అన్నదని నా నమ్మకం.

ఆ సాయంత్రం ఫోను మోగింది. “మామయ్యా, పీపాని చూపించు.” నిద్రపోతోందని చెప్పాను. మూడు వారాల్లో నేను చెప్పిన మొదటి అబద్ధం అదే అనుకుంటే పొరపాటు. నోట్‌బుక్ నిండా ఉన్నాయి.

పీపా బతికింది! మూడో రోజున నా వేలు కొరికింది. ఇంటికి తెచ్చాక డాక్టరు చెప్పినట్టు అది బయటికి వెళ్ళినప్పుడల్లా వెనకే వెళ్ళి, వంగి, పుల్లతో కదిపి చూశాను. ఎదురింటి ట్యాంకును కాదు, దాన్నే చూశాను. పదిహేడు పురుగులు. చూడటం అంత కష్టమేమీ కాదు. తల పక్కకు తిప్పి ఉంచడమే మెడకు ఎక్కువ శ్రమ.

మీరనుకుంటారు, చెల్లెలు నన్ను మెచ్చుకుని ఉంటుందని. ఆదివారం పీపాను తీసుకెళ్ళడానికి వచ్చి, దాన్ని చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేంటన్నయ్యా ఇలా చిక్కిపోయింది? తిండి పెట్టలేదా?”

“పురుగులు పోయాయి. అందుకే బొజ్జ తగ్గింది.”

“ఛీ, పురుగులేంటి? మేం ఇచ్చినప్పుడు బంగారంలా ఉంది. మా ఇంట్లో అలాంటివి లేవు.”

చూశారా! పురుగులు జబ్బు కాదు, పరువు. అవి ఎప్పుడూ పక్కవాళ్ళ ఇంట్లోనే పుడతాయి. రోగంతో ఉన్నన్నాళ్ళు ముద్దొచ్చిన కుక్క, ఆరోగ్యం రాగానే నా పెంపకానికి మచ్చ అయింది.

రెండో డోసు మాత్రను కాగితంలో చుట్టి, మీద తేదీ రాసి, చెల్లెలి చేతిలో పెట్టాను. “మళ్ళీ వెయ్యాలి. మర్చిపోకు.”

“ఒకసారి వేశావుగా. సరేలే, వేస్తాంలే.” ఆ కాగితం ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో బస్సు టిక్కెట్ల మధ్య ఎలా పడిందో చూశాను. ఈ మధ్య నాకు చూడటం అలవాటైంది.

ఆ తేదీ వచ్చింది. ఫోను చేశాను.

“వేశాం అన్నయ్యా, పొద్దున్నే వేశాం. పనిలో ఉన్నా, మళ్ళీ చేస్తా.” వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది. “అబద్ధం మామయ్యా! వెయ్యలేదు! మాత్ర పోయింది!”

నేను ఆ ఇంటికి వెళ్ళి ఆరేళ్ళయింది. గొడవేమీ లేదు. మొదటి సంవత్సరం వాళ్ళు గట్టిగా పిలిచారు, రెండో సంవత్సరం పిలవలేదు. నేనూ వెళ్ళలేదు. దూరం రెండు బస్సులు. డాక్టరు దగ్గర కొత్త మాత్ర తీసుకుని, రెండు బస్సులూ ఎక్కాను.

తలుపు తీసిన చెల్లెలు, “ఇంత చిన్నదానికి ఇంత దూరం వచ్చావా?” అంది. గోడలకు కొత్త రంగు. బాగుంది. నేను ఆ మాట అన్నాను. ఆమె పక్కకు తప్పుకుని దారిచ్చింది.

పీపా మాత్రను మొదటిసారి ఉమ్మేసింది. రెండోసారి బుగ్గలో దాచుకుని, మేం నమ్మాక సోఫా కిందకు వెళ్ళి ఉమ్మేసింది. నేనూ మేనకోడలూ బోర్లా పడుకుని టార్చిలైటుతో వెతికాం. చెల్లెలు నవ్వు ఆపుకోలేక, చీరకొంగు నడుముకు దోపుకుని తనే వచ్చి, దవడ తెరిచి నాలుక వెనక్కి వేసి, నోరు మూసి గొంతు నిమిరింది. గుటుక్కుమంది.

“ఇంతేనా?” అంది.

“మళ్ళీ వచ్చే నెల. ఆరు నెలలు వచ్చేదాకా నెల నెలా. తర్వాత మూడు నెలలకోసారి. జీవితాంతం.” డాక్టరు చెప్పిందే చెప్పాను. నెల నెలా నేనే వచ్చి వెయ్యాలని మాత్రం ఆవిడ చెప్పలేదు.

“భోంచేసి వెళ్ళు,” అని చెల్లెలు వంటగదిలోకి వెళ్ళింది.

మేనకోడలు నా పక్కన నేల మీద కూర్చుని, పీపా బొజ్జ తడుముతూ అడిగింది. “మామయ్యా, దీనికి పురుగులు మొత్తం పోయాయనుకో. అప్పుడిక నువ్వు రావా?”

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

గోడ నిండా పుస్తకాలున్నవాణ్ణి. ఈ ప్రశ్నకు జవాబు వాటిలో ఏదో ఒకదాంట్లో ఉండే ఉంటుంది.

“పోవమ్మా,” అన్నాను గట్టిగా, లోపలికి కూడా వినపడేలా. “అవంత తేలిగ్గా పోయే రకం కాదు.”