పచ్చపలకలో మాయమైన పెళ్లికొడుకు

రంగును చూసి అది లేతదో ముదురుదో తేల్చడంలో మా టీమ్ లీడర్ బాంగ్ ఇన్‌సోక్ గారు రాసిన కంప్యూటర్ కోడ్‌ను మించింది సియోల్ నగరంలోనే లేదు. ఈ మాట ఆ శనివారం పెళ్లిదాకా నిజమే.

ఆ రోజు పని చిన్నదే. కల్యాణమండపం గుమ్మం దగ్గర తెరమీద రెండు పలకలు, వాటిలో ఇరువైపులవాళ్ల పేర్లు. వియ్యపురాళ్లు కట్టుకున్న కొరియా సంప్రదాయ దుస్తు హన్‌బోక్ రంగే పలక రంగు. రంగు లేతదైతే నల్లక్షరాలు, ముదురైతే తెల్లక్షరాలు కోడే ఎంచుకుంటుంది. పెళ్లికూతురి తల్లిది గులాబీ రంగు, నల్లక్షరాలు చక్కగా కుదిరాయి. పెళ్లికొడుకు తల్లి మేంగ్ గారిది మెరిసే చిగురాకు పచ్చ. కోడు దాన్ని ముదురని తీర్మానించి తెల్లక్షరాలు వేసింది. అద్దాల్లోంచి ఎండ పడేసరికి పెళ్లికొడుకు వంశంతో సహా మాయమయ్యాడు.

ఉత్త పచ్చపలక చూసి అటువైపు చుట్టాలు ఇది తమ పెళ్లి కాదనుకున్నారు. పై అంతస్తులో ఇంకో పెళ్లి ఉంది. బుసాన్ నుంచి వచ్చిన బస్సు బస్సంతా పైకెక్కేసింది. కింద పెళ్లికొడుకు వైపు కుర్చీల్లో ఏసీ గాలి మాత్రం కూర్చుంది.

మేంగ్ గారు వచ్చి ఇన్‌సోక్ గారి ఎదుట నిలబడ్డారు.

"నాకున్నది ఒక్క కొడుకయ్యా. మీవాళ్లెవరూ రాలేదా అని వియ్యపురాలు మెల్లగా అడిగింది. ఏం చెప్పమంటావు?"

"కోడు తప్పు కాదమ్మా, మీ హన్‌బోక్..." అని మొదలెట్టి, ఆవిడ చూపు చూసి ఆయన మిగతాది మింగేశారు.

మా టీమ్‌లోని గిల్ సోరా అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచింది.

"సార్, ఎరుపు, పచ్చ, నీలం కూడేసి మూడుతో భాగించారు. కంటికి మూడూ సమానమా? పచ్చే ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది, నీలం బాగా తక్కువ. దేని తూకం దానికెయ్యాలి."

కోడులో ఒక్క వరస మార్చింది. పెళ్లికొడుకు నల్లక్షరాలతో మళ్లీ పుట్టాడు.

చుట్టాల్ని పిలుచుకురమ్మని సోరా నన్ను పైకి తరిమింది. ఎంతకీ ఎవరూ దిగలేదు. చివరికి తెరను ఫోటో తీసి, మేంగ్ గారి కుటుంబం చాట్ గ్రూపులో తనే పెట్టించింది. బుసాన్ మొత్తం మెట్లమీద దొర్లుకుంటూ వచ్చింది. మేంగ్ గారు సోరా చెయ్యి వదల్లేదు. అలాంటి బుర్ర కొరియా అంతా వెతికినా దొరకదని నేనూ అందరికీ చెప్పాను. నేను మాత్రం లిఫ్టు ఆగిపోయి ఇరుక్కున్నానన్నాను.

సోమవారం పై అంతస్తు పెళ్లికొడుకు నుంచి ఆఫీసుకో ఫోటో వచ్చింది. తనవైపు జనం తక్కువని దిగులుపడ్డాడట, ఈ నిండుదనం ఎవరి దయో తెలుసుకోవాలట. సోరా ఫోటోను నా ముందు పెట్టి, రెండో వరసలో మన బ్యాడ్జీతో నవ్వుతున్నదెవరని అడిగింది.

ఒప్పుకున్నాను. లిఫ్టు బాగానే ఉంది, పైన విందులో కాల్చిన మాంసం గాల్బి అంతకంటే బాగుంది.