ఆఖరి ముక్క ఎవరిది?

ఆ శనివారం పొద్దున్న బెరిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఫ్రిజ్‌లోంచి చీజ్ తీసి వంటింటి బల్లమీద పెట్టాలి. సాయంత్రం నాలుగింటికి రోజలిండ్ గారు వచ్చేసరికి అది మెత్తబడి ఉండాలి. మధ్యలో ఎవరూ దాని జోలికి పోకూడదు. అంతే. ఇంత చిన్న పథకాన్ని ఆ ఇంట్లో ఉన్న మిగతా ఇద్దరు మనుషులూ, ఒక కుక్కా కలిసి ఏ గతి పట్టించారో వింటే మీకే జాలేస్తుంది.

ముందు ఆ చీజ్ గురించి చెప్పాలి. అన్నం పళ్ళెమంత గుండ్రంగా, పైన తెల్లటి నూగు పట్టి ఉంటుంది. పాడ్‌కోంబ్ ఊరి చివర తన పెరట్లోని పాత గుర్రాలశాలలో, తన పదకొండు ఆవుల పాలతో, మూడేళ్ళపాటు పాడుచేసి, పారబోసి, ఏడ్చి, మళ్ళీ మొదలుపెట్టి బెరిల్ సాధించిన చీజ్ అది. చల్లగా తింటే సుద్దముక్క నమిలినట్టే ఉంటుంది. ఐదుగంటలు బయట ఉంచి కోస్తే మాత్రం లోపల మీగడ మీగడగా జారుతుంది. ఆరువారాలు నిండి తినడానికి సిద్ధమైనది ఇవాళ్టికి ఒక్కటే ఉంది. తక్కినవన్నీ ఇంకా పసిగుడ్లు.

రోజలిండ్ గారు బాత్ నగరంలో పేరుమోసిన చీజ్ దుకాణం యజమానురాలు. ఆవిడకి నచ్చితే సరే సరి. నచ్చకపోతే వచ్చేనెల సంతలో ఆవుల్ని అమ్మేయాలని బెరిల్‌కీ మొగుడు క్లిఫర్డ్‌కీ ఒప్పందం. క్లిఫర్డ్ చెడ్డవాడేం కాదు. మోకాళ్ళు అరిగిపోయాయి, పాలకి గిట్టుబాటు లేదు, ఏం చేస్తాడు పాపం? సంతవాడికి ఫోన్ కూడా చేసి ఉంచాడు. ఆ ఫోన్ మాట విన్న రాత్రినుంచి బెరిల్‌కి మేబెల్ అనే ముసలి ఆవు మొహం చూడాలంటే ధైర్యం చాలడం లేదు.

పదకొండింటికి చీజ్ బల్లమీదికి వచ్చింది. దానిమీద గిన్నె బోర్లించి, బెరిల్ గుర్రాలశాల కడగడానికి వెళ్ళింది. గంట తర్వాత వచ్చి చూస్తే గిన్నె ఉంది, చీజ్ లేదు. ఫ్రిజ్ తెరిస్తే గుడ్లకీ రొట్టెకీ మధ్య చల్లగా కూర్చుని ఉంది.

"అత్తయ్యా!" అని కేకపెట్టింది బెరిల్.

అత్తగారు ఐవీకి ఎనభైనాలుగేళ్ళు. ఆవిడకి నలభై దాటాక గానీ ఆ ఇంటికి ఫ్రిజ్ రాలేదు. వచ్చిననాటినుంచి దాన్ని దేవుడి గూడులా చూసుకుంటోంది. రొట్టె, బూటుపాలిష్, ఒక్కోసారి తన కళ్ళజోడు కూడా అందులోకే వెళతాయి.

"ఏమిటే ఆ అరుపులు? పాలతో చేసిందాన్ని బయట వదిలేస్తే పాడైపోదూ? నేను చూశాను కాబట్టి సరిపోయింది," అంది ఐవీ, మెప్పుకోసం ఎదురుచూస్తూ.

"పాడవ్వాలనే పెట్టాను అత్తయ్యా! అంటే, పాడవడం కాదు, మెత్తబడాలి. దయచేసి మళ్ళీ ముట్టుకోకండి."

"నాకేం పని, ముట్టుకోను. మంచికి పోతే చెడ్డ ఎదురైందట," అని గొణుక్కుంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

చీజ్ మళ్ళీ బల్లెక్కింది. బెరిల్ స్నానానికి వెళ్ళింది. ఈలోగా క్లిఫర్డ్ లోపలికొచ్చాడు. అతను ఊరి క్రికెట్ జట్టుకి స్కోరు రాస్తాడు. మధ్యాహ్నం పక్కూరి వాళ్ళతో ఆట ఉంది. చీజ్ చూశాడు, బల్లకింద నెల్సన్ అనే కుక్కని చూశాడు. ఈ రెండూ ఒకచోట ఉండకూడదని అతని బుర్రకి తట్టింది. బుర్రకి ఏదైనా తట్టడం అరుదు కాబట్టి వెంటనే అమలు చేశాడు.

"బెరిల్, నీ చీజ్‌ని కాపాడాను!" అన్నాడు, ఆమె తల తుడుచుకుంటూ రాగానే.

"ఎక్కడ పెట్టావు?"

"ఇంకెక్కడ? ఫ్రిజ్‌లో. వెనకాల, బాగా చల్లగా ఉండేచోట."

బెరిల్ ఫ్రిజ్ తెరిచి చీజ్ బయటికి లాగింది. గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. చీజ్‌ని వేలితో నొక్కింది. రాయి. ఇక ఈ ఇంట్లో చీజ్‌కి కావలసింది గిన్నె కాదు, అజ్ఞాతవాసం అనుకుంది. మేడమీద వేడినీళ్ళ ట్యాంకు పక్కన తువ్వాళ్ళు ఆరబెట్టుకునే అలమర ఉంది. ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. పోయిన సమయం కూడా కలిసొస్తుంది. చీజ్‌ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, తువ్వాళ్ళ దొంతర మధ్యలో దూర్చి, తలుపు వేసింది. ఎవరికైనా చెబితే మళ్ళీ కాపాడతారని ఎవరికీ చెప్పలేదు.

కొంప మునిగింది అక్కడే. క్రికెట్ గ్రౌండులోని షెడ్డుకి ఉతికిన తువ్వాళ్ళు తీసుకెళ్ళే వంతు ఆ వారం క్లిఫర్డ్‌ది. రెండింటికి మేడెక్కి, అలమర తెరిచి, దొంతర మొత్తం చంకనెట్టుకుని, ఈల వేసుకుంటూ పోయాడు.

పావుతక్కువ నాలుగింటికి బెరిల్ అలమర తలుపు తీసింది. లోపల ట్యాంకు తప్ప ఏమీ లేదు. రెండేసి మెట్లు దిగుతూ వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, మళ్ళీ తీశారా?"

"ఏం తీశాను? ఆ చీజేనా? నేను దొంగనా నీ కంటికి? ఒకసారి వద్దన్నాక ఈ చేత్తో ముట్టుకున్నానా? కావాలంటే ఫ్రిజ్ వెతుక్కో!"

బెరిల్ వెతికింది. బూటుపాలిష్ దొరికింది, చీజ్ దొరకలేదు. అప్పుడు ఐవీ వేలు పెట్టి నేలమీదికి చూపించింది. నెల్సన్ వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి, లోకంలోని సుఖమంతా తనదే అన్నట్టు గురకపెడుతున్నాడు.

"వాడి పొట్ట చూడు. ఆరునెలల గర్భిణిలా లేడూ?"

బెరిల్ మోకాళ్ళమీద కూలబడి, రెండు చేతులతో కుక్క నోరు తెరిచి, ముక్కు లోపలిదాకా పెట్టి వాసన చూసింది. వాసనైతే గాఢంగానే ఉంది. కానీ నెల్సన్ నోరు ఎప్పుడూ అంతే కాబట్టి అది సాక్ష్యానికి పనికిరాదు.

"రాకూడని వేళ వచ్చినట్టున్నాను," అన్న గొంతు గుమ్మంలోంచి వినిపించింది.

సన్నగా, పొడుగ్గా, చేతిలో గొడుగుతో రోజలిండ్ గారు నిలబడి ఉన్నారు.

"అబ్బెబ్బే, రండి రండి! సరిగ్గా టైముకే వచ్చారు," అంది బెరిల్, కుక్క నోరు వదలకుండానే. "పళ్ళు చూస్తున్నాను. శనివారం శనివారం చూస్తాం."

"చీజ్ మింగేశాడేమోనని..." అని ఐవీ మొదలుపెట్టింది.

"అత్తయ్యా, టీ పెడతారా!"

చీజ్ పోయిందని చెప్పడానికి బెరిల్‌కి నోరు రాలేదు. అన్నిటికీ మందు వాతావరణం. ఎండ బాగుందని ఆమె అంది. నిన్న ఇంత లేదని ఆవిడ అన్నారు. రేపెలా ఉంటుందో అని ఇద్దరూ కాసేపు దిగులుపడ్డారు. టీ అయిపోయింది. వాతావరణంలో ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు బెరిల్ ఆవుల్ని చూపిస్తానని పచ్చికలోకి తీసుకెళ్ళింది. పదకొండు ఆవులు. ఒక్కోదాని పేరు, తల్లి పేరు, అమ్మమ్మ పేరు, ఏది ఏ సంవత్సరం ఎవరిని తన్నింది, అన్నీ చెప్పింది. మేబెల్ దగ్గరికొచ్చేసరికి మొహం చూడకుండా దాని మెడ నిమిరింది. రోజలిండ్ గారు మర్యాదగా తల ఊపుతూనే ఉన్నారు.

"ఆవులు చక్కగా ఉన్నాయి," అన్నారు చివరికి. "మరి చీజ్?"

"చీజ్... ఇంట్లో లేదండీ," అంది బెరిల్. నిజం చెప్పేద్దామని ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడు పెరటి గుమ్మంలోంచి ఐవీ తడిచేతులు దులుపుతూ అరిచింది.

"ఏమేవ్, అలమరలో చెయ్యి తుడుచుకోవడానికి ఒక్క తువ్వాలు లేదేమిటే? నా కొడుకు అన్నీ ఆ క్రికెట్టుకే మోసుకుపోయాడా?"

బెరిల్‌కి బుర్రలో దీపం వెలిగింది. పీల్చిన ఊపిరితో ఇంకో అబద్ధం చెప్పింది. "ఇంట్లో లేదన్నానుగా, క్రికెట్ గ్రౌండులో ఉంది. అక్కడే వడ్డించే ఏర్పాటు చేశాం."

"పచ్చికమీదా? ఎంత బాగుంది!" అన్నారు రోజలిండ్ గారు.

బెరిల్ దాదాపు పరిగెత్తింది. వెనకాల ఆవిడ, ఆ వెనకాల చేతులు ఆరబెట్టుకుంటూ ఐవీ. గ్రౌండు చేరేసరికి ఐదు కావస్తోంది. టీ విరామం ఇరవై నిమిషాలే. నాలుగున్నరకల్లా ఆట మళ్ళీ మొదలవ్వాలి. కానీ మైదానంలో నరపురుగు కూడా లేదు. రెండు జట్లూ, అంపైరింగ్ చేసే చర్చి పాదిరిగారితో సహా, షెడ్డులో బల్లచుట్టూ నిలబడి ఉన్నారు.

"వచ్చావా!" అని క్లిఫర్డ్ ఎదురొచ్చాడు. "ఎంత మంచి పని చేశావే! తువ్వాళ్ళు విప్పితే చీజ్! అందరికీ నువ్వే పంపావని చెప్పాను. నేనూ రెండు ముక్కలు తిన్నాను. నీ చేతి చీజే, కానీ ఇవాళ..." భార్య మొహం చూసి ఆగిపోయాడు. "నువ్వు పంపలేదా?"

"ఏమైనా మిగిలిందా?" అంది బెరిల్, ఏడుపు గొంతుతో.

మిగిలింది. బల్ల నడుమ పెద్ద పళ్ళెంలో, ఎండలో మెరుస్తూ, రెండు వేళ్ళ వెడల్పు ముక్క ఒక్కటి. దాని పక్కలు కరిగి పళ్ళెంమీదికి మెల్లగా జారుతున్నాయి. ఇరవైరెండుమంది కళ్ళూ దానిమీదే ఉన్నాయి. అందరికీ కావాలి. కానీ ఆఖరి ముక్క ముందుగా చేయిచాచి తీసుకున్నవాడు పాడ్‌కోంబ్‌లో మళ్ళీ తలెత్తుకు తిరగలేడు.

"మీరు కానివ్వండి," అంటున్నాడు ఊరి జట్టు కెప్టెన్ బార్నబీ. అప్పటికి పదోసారి.

"అబ్బే, మేం అతిథులం, మీరే తీసుకోవాలి," అంటున్నాడు పక్కూరి కెప్టెన్. అతను పళ్ళడాక్టరు.

"పాదిరిగారికిద్దాం."

"నాకొద్దు నాయనా, నాలుగు ముక్కలు తిన్నాను," అన్నారు పాదిరిగారు. కానీ బల్ల దగ్గర్నుంచి అంగుళం జరగలేదు. ఆయన కదిలితే గానీ ఆట మొదలవ్వదు. తాము మైదానంలోకి వెళితే వెనకాల ఎవరు తినేస్తారోనని ఆటగాళ్ళెవరూ కదలడం లేదు.

బెరిల్ జనాన్ని తోసుకుని పళ్ళెం ఎత్తి పట్టుకుంది. "రోజలిండ్ గారూ, ఇది మీకోసమే. తీసుకోండి."

ఆవిడ ముక్కని చూశారు. గుటక మింగారు. తర్వాత రెండడుగులు వెనక్కి వేశారు. "అయ్యయ్యో, ఆఖరి ముక్కా! ఇంతమంది ఉండగా నేనెలా తీసుకుంటాను?"

అమ్మా తల్లీ, నా మేబెల్ ప్రాణం ఈ పళ్ళెంలో ఉంది, నీ మొహమాటం తగలెయ్యా అని అరవాలనిపించింది బెరిల్‌కి. "పర్వాలేదండీ, తీసుకోండి," అని మాత్రం అంది.

"పోనీ సగం," అన్నాడు పళ్ళడాక్టరు. కత్తి తీసుకుని ముక్కని సమంగా రెండు చేశాడు.

"సగం చాలా ఎక్కువ," అని రోజలిండ్ గారు ఆ సగాన్ని మళ్ళీ సగం చేశారు. మిగిలిన పావుని బార్నబీ తనకి మరీ ఎక్కువని మళ్ళీ సగం చేసి పాదిరిగారికి జరిపాడు. ఆయన దాన్నీ సగం చేశారు. ఇలా పోతే కాసేపట్లో చీజ్ పోయి కత్తికంటిన తడి మిగిలేట్టుంది.

"నా చిన్నప్పుడు ఇట్లాంటి నాటకాల్లేవు. ఆకలేస్తే తినేవాళ్ళం," అని ఐవీ గట్టిగానే అంది. అందరూ విననట్టు నటించారు.

రోజలిండ్ గారు తన వంతు ముక్కని ఉప్పుబిస్కెట్ మీద పెట్టుకుని నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. బెరిల్ క్లిఫర్డ్ చొక్కా చెయ్యి పట్టుకుని మెలితిప్పేస్తోంది. ఆవిడ నమిలారు. మింగారు. కళ్ళు తెరిచారు. మొహంలో ఏమీ కనిపించలేదు. అయిపోయింది అనుకుంది బెరిల్. నచ్చలేదు. వెచ్చదనం ఎక్కువైంది. తువ్వాళ్ళ వాసన పట్టింది. ఆవులు పోయినట్టే.

అప్పుడు రోజలిండ్ గారి చెయ్యి ముందుకి సాగింది. ఎవర్నీ అడగలేదు. ఎవరివైపూ చూడలేదు. పళ్ళెంలో మిగిలిన ముక్కలన్నిటినీ కత్తితో ఒక్కచోటికి ఊడ్చి, బిస్కెట్ కూడా లేకుండా, ఇరవైరెండుమంది ఆటగాళ్ళ ఎదుట, ఒక పాదిరిగారి ఎదుట, మొత్తం నోట్లో వేసుకున్నారు.

షెడ్డులో ఎవరి చేతిలోంచో కప్పు జారి పగిలింది.

"క్షమించండి," అన్నారు ఆవిడ కాసేపటికి. మొహం చెవులదాకా ఎర్రబడింది. "నా జన్మలో ఇలా చెయ్యలేదు. ఏమైందో నాకే తెలియదు."

బెరిల్‌కి మాత్రం తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఇంత చక్కగా మెత్తబడింది, ఎక్కడ ఉంచారండీ?" అని అడిగారు రోజలిండ్ గారు.

"తువ్వాళ్ళల్లో," అన్నాడు క్లిఫర్డ్ అడ్డొచ్చి. బెరిల్ అతని కాలు తొక్కింది.

"వారానికి నలభై కావాలి నాకు. ఇవ్వగలరా?"

"ఇస్తాం," అంది బెరిల్, ఆలోచించకుండా. క్లిఫర్డ్ మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై చీజ్‌లకి పాలెన్ని, పాలకి ఆవులెన్ని. లెక్క తేలేసరికి అతని మొహం పాలిపోయింది.

"బెరిల్, పదకొండు ఆవులు చాలవు. ఇంకో తొమ్మిదైనా కావాలి."

"సంతవాడికి ఎలాగూ ఫోన్ చేశావుగా. మళ్ళీ చెయ్యి. అమ్మం, కొంటామని చెప్పు," అంది బెరిల్. మోకాళ్ళు పట్టుకుని అతను కుర్చీలో కూలబడ్డాడు. ఐవీ కొడుకు వీపు నిమిరి, కొత్త ఆవుల్లో ఒకదానికి తన పేరు పెట్టాలని షరతు పెట్టింది.

ఆ తర్వాత ఎవరికీ బ్యాటు పట్టబుద్ధి కాలేదు. ఆవిడ చేసింది న్యాయమా అన్యాయమా అని రెండు జట్లూ ఆరున్నరదాకా వాదించుకున్నాయి. ఈలోగా పక్కూరివాళ్ళ బస్సు వచ్చేసింది. గెలుపోటములు తేలని ఆటకి కారణం రాయాల్సిన బాధ్యత స్కోరరుగా క్లిఫర్డ్ నెత్తిన పడింది. పెన్సిల్ కొరుకుతూ చాలాసేపు ఆలోచించి, పుస్తకంలో "వర్షం" అని రాశాడు. ఇద్దరు కెప్టెన్లూ, పాదిరిగారూ కిందన సంతకాలు పెట్టారు.

ఆ జిల్లాలో చినుకు పడింది ఆ తర్వాతి మంగళవారం.