ఈ ఒక్క పూటకు జయించేయమ్మా!

క్యాన్సర్ వచ్చినవాళ్లకు కాస్త మర్యాద ఉండాలండీ! వస్తే తగ్గాలి. తగ్గకపోతే పోవాలి. అంతేగానీ తగ్గకుండా, పోకుండా, జరీ అంచు చీర కట్టుకుని, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని సభలో ముందు వరస కుర్చీలో కూర్చోవడం ఏం పద్ధతి?

ఆ పద్ధతి తప్పినదాన్ని నేనే. పేరు సుప్రజ, ఊరు కర్నూలు. 2003లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. పీడ విరగడైందనుకున్నాం. ఐదేళ్లు తిరిగాక, ఈ ఉగాది వెళ్లగానే, నడుం నొప్పి అని హైదరాబాదు పోతే, అదే మళ్లీ వచ్చి వెన్నెముకలో కూర్చుందన్నారు. నాలుగో స్టేజి అన్నారు. పూర్తిగా పోదట, మందులతో అదుపులో పెట్టుకుని బతకాలట. అంటే నేను గెలిచినట్టా, ఓడినట్టా? చుట్టాలకు ఎంత ఇబ్బందో ఆలోచించండి!

యాపిల్ పండ్ల సంచితో పలకరించడానికి వస్తారు. వచ్చీ రాగానే నా తల వంక చూస్తారు. జుట్టు ఉంటుంది! నేనిప్పుడు వాడేవి మాత్రలు, నెలకో ఇంజెక్షన్. వాటికి జుట్టు ఊడదు. "బాగనే ఉండావే!" అంటారు, మోసపోయిన మొహాలతో. కొందరైతే పండ్లు తిరిగి తీసుకుపోతారేమోనని భయం వేస్తుంది.

మా ఆయన వాసుదేవ్‌కు పైపుల అంగడి ఉంది. నా సంగతి అడిగినవాళ్లందరికీ "ఆమెకు గ్యాస్ ట్రబులప్పా" అని చెబుతుంటాడు. గ్యాస్ వెన్నెముకలోకి ఎట్లా పోయిందని ఒక్కరూ అడగలేదు. పైగా వాము నీళ్లు తాగమని చెప్పి పంపుతారు. మా ఇంట్లో ఇప్పుడు ఎటు చూసినా వామే.

అందుకే అవగాహన సదస్సులు మహా వరాలంటాను. అక్టోబరులో మా మహిళా సంఘం వాళ్లు కల్లూరులో ఒక కల్యాణ మంటపంలో పెట్టారు. చూసి తరించాను!

ముందు వాళ్ల సంస్కారం గురించి చెప్పాలి. బ్యానర్ మీద "రొమ్ము" అనే మాట వెతికినా దొరకదు. మగవాళ్లు కూడా వస్తారు కదా, ఏం బాగుంటుంది? "మహిళల క్యాన్సర్‌పై మహా అవగాహన సదస్సు" అని వేయించారు. వచ్చిన డాక్టరమ్మ ఆ మాట అనబోతే మైకు కుయ్యోమని అడ్డుపడింది. మైకుకు కూడా అంత సిగ్గు! గడ్డ కోసం ఎక్కడ చూసుకోవాలో తెలియకుండానే హాలంతటికీ అవగాహన కలిగిపోయింది.

ఇక రిబ్బన్. ఈ జబ్బుకు గుర్తుగా గులాబీ రంగు రిబ్బన్ ముక్కను గుండెల దగ్గర పిన్నుతో గుచ్చుకోవాలట. మనకు రిబ్బన్‌తో తెలిసిన పని ఒక్కటేనాయె! గుమ్మానికి అడ్డంగా కట్టారు. ముఖ్య అతిథి గారు పళ్లెంలో కత్తెర తీసుకుని కసుక్కున కత్తిరించారు. చప్పట్లు మోగాయి. "ఆపరేషన్ సక్సెస్" అన్నాను పక్కనున్న ఆవిడతో. ఆవిడ నవ్వలేదు.

ఆ అతిథి గారు రాజకీయాల్లో పైకి రావాలని చూస్తున్న పెద్దమనిషి. ఆయన లెక్కలో క్యాన్సర్ అంటే బీడీ! అరగంట సేపు మమ్మల్ని బతిమాలారు. "అక్కల్లారా, చెల్లెళ్లారా! మీ కాళ్లు పట్టుకుంటా. బీడీలు మానేయండమ్మా. గుట్కా జోలికి పోవద్దండమ్మా." హాలు నిండా ఉన్న ఆడవాళ్లం చేతులు చాపి, ఇక మీదట బీడీ ముట్టబోమని ప్రమాణం చేశాం. నేనైతే ఇంతవరకు మాట తప్పలేదు.

అప్పుడు నా వంతు వచ్చింది. సంఘం అధ్యక్షురాలు నాగరత్నమ్మక్క మా వీధిలోనే బట్టల అంగడి వాళ్ల ఇల్లాలు. నా పాత ఆపరేషన్ సంగతి తెలుసు కాబట్టి సన్మానానికి నన్నే ఎంచుకుంది. మంటపం ముందర నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద నా ఫోటో, కింద "క్యాన్సర్‌ను జయించిన ధీరవనిత" అని పెద్ద అక్షరాలు. మళ్లీ వచ్చిన సంగతి ఆమెకు తెలియదు. గ్యాస్ అనే అనుకుంటోంది.

నేను ఒప్పుకున్నది శాలువా కోసం కాదండీ. ఒక మాట చెప్పాలని. ప్రతి నడుం నొప్పీ క్యాన్సర్ కాదు, నిజమే. కానీ ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు, ఎన్నేళ్లు గడిచినా సరే, నొప్పి పట్టుకుని వదలకపోతే బామ్ రాసుకుంటూ కూర్చోకూడదు. డాక్టరుకు పాత జబ్బు సంగతి కూడా చెప్పి చూపించుకోవాలి. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. కర్నూలులో ఉన్న బామ్ సీసాలన్నీ నా నడుముకే ఖర్చయ్యాయి. ఇంకో ఆడమనిషికైనా ఈ మాట ముందుగా చేరాలి, అంతే నా ఆశ.

మెట్ల దగ్గర అక్క చెవిలో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అయ్యో సుప్రజా! ఫ్లెక్సీ కట్టించేసినాం గదే!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"దాని పాటికి దాన్ని ఉండనీక్కా. నేను రెండు ముక్కలు చెప్పి దిగిపోతా."

"మళ్లా వస్తాదని చెప్తే ఆడోళ్లు బెదిరిపోరా? ధైర్యం చెప్తామని పిలిచినాం గదా అందర్నీ! ఈ ఒక్క పూటకు జయించేయమ్మా. సాయంత్రం నుంచి నీ ఇష్టం."

చూశారా ఎంత సులువో! హైదరాబాదు డాక్టర్ల వల్ల కాని పని నాగరత్నమ్మక్క మంటపం మెట్ల మీద చేసేసింది. స్టేజి మర్మం కూడా అప్పుడే బోధపడింది నాకు. ఒకటో స్టేజి వాళ్లను స్టేజి ఎక్కిస్తారు. రెండో స్టేజి వాళ్లను కూడా ఎక్కిస్తారు. నాలుగో స్టేజి వాళ్లు ఎక్కితే స్టేజి కూలుతుంది!

శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు.

"అందరికీ నమస్కారం. నేను దేన్నీ జయించలేదమ్మా. నాకు మళ్లా వచ్చింది. నడుం నొప్పి అని..."

అన్నానో లేదో, వెనక నుంచి నాగరత్నమ్మక్క గొంతెత్తి జాతీయ గీతం అందుకుంది! ఇంకేం చేస్తాను? హాలంతా లేచి నిలబడింది. నడుం పీకుతున్నా నేనూ నోరు మూసుకుని నిటారుగా నిలబడ్డాను. గీతం అయిన మరుక్షణం జనమంతా భోజనాల మీద పడ్డారు. సదస్సు రంగుకు తగ్గట్టు బీట్‌రూట్ హల్వా చేయించారు, బాగుందని అందరూ అన్నారు. నేను విస్తరి అట్లాగే వదిలేసి లేచాను. ఒళ్లు మండిపోయింది. దాచుకోవడం ఎందుకు, ఏడుపు కూడా వచ్చింది.

మొహం కడుక్కుందామని కొళాయి దగ్గరికి పోతే నాగరత్నమ్మక్క వెనకాలే వచ్చింది. సారీ చెబుతుందనుకున్నాను. ఆమె అటూ ఇటూ చూసి, మాటలు ఎవరికీ వినపడకుండా కొళాయిని బాగా తిప్పింది.

"నీకు నొప్పి యాడ మొదలాయనే? పైననా, కిందనా?"

"ఎందుకక్కా?"

"పండుకుంటే ఎక్కువైతాదా?"

నేను ఆమె మొహం వంక చూశాను. పొద్దుటి నుంచి మైకు ముందు వెలిగిపోయిన మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"నాకూ ఆపరేషన్ ఆయనే, పదేండ్ల కిందట. బెంగుళూరులో చేపిచ్చుకున్యా. మా కోడలికి గూడా తెలీదు. ఇప్పుడు నడుం పట్టేసి లేయనీకుండా ఉండాది. మహానందికి పోయి కోనేట్లో మునిగొచ్చినా తగ్గలే. శానా భయమైతాందే సుప్రజా."

(ఇది ఆమె రాయమంటేనే రాస్తున్నాను. పేరు మార్చనా అంటే వద్దంది.)

అంతసేపూ ఆమెను తిట్టడానికి మంచి మంచి మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. అన్నీ మింగేసి, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకుపోయాను. స్కానింగ్ గది ముందు బల్ల మీద, తెలిసినవాళ్లు చూస్తారని కొంగు తల నిండా కప్పుకుని కూర్చుంది. లోపల నుంచి "నాగరత్నమ్మ ఎవరమ్మా?" అని కేకేశారు. ఆమె కొంగును ఇంకాస్త కిందికి లాక్కుంది.

నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమే, నాకూ అదే అని తేలిందనుకో. మన సంఘంలో నన్ను అధ్యక్షురాలిగా ఉండనిస్తారంటావా?"

బతుకుతానా అని అడగలేదండీ! ఉండనిస్తారా అని అడిగింది.

"యాడక్కా! మా అధ్యక్షురాలు ససేమిరా ఒప్పుకోదు" అన్నాను.

ఒక్క క్షణం నా వంక గుడ్లప్పగించి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. లోపల నుంచి మళ్లీ పిలిచారు. తల మీది కొంగు తీసేసి, "ఆఁ, నేనేనమ్మా! రొమ్ము క్యాన్సర్ కేసు, వస్తాండా" అని ఆసుపత్రి అంతా తిరిగి చూసేటట్టు పలికి లేచింది.